ఆటిజము గల బాలుడు చెప్పిన కథ – శబ్దవృత్తి విచారము

శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు వృత్తులు గలవని యాలంకారికుల మతము. 'గంగలో గొల్లపల్లె' యన్నప్పుడు ప్రవాహమున పల్లె యుండుట పొసగదు గాన తీరమను నర్థమును గ్రహించుట లక్షణ. ఆ పల్లె చల్లనిది, పావనమైనది యని తోచుట వ్యంజన. ఈ యుదాహరణము లేని యలంకారపాఠము లేదు. కాని పాఠము వినుచున్న బాలు డొకడు లేచి, 'నీటిలో ఇండ్లు నిలువవు. కావున నీ వాక్యము అబద్ధము' అని పలికి యచ్చటనే యాగిపోయినచో, వానికి శబ్దార్థజ్ఞానము లేదనవలెనా? సత్యమునందు వానికి గల పట్టుదల తక్కినవారికంటె నధిక మనవలెనా? ఇట్టి బాలునే వక్తగా నిలిపి, యాద్యంతము వాని నోటనే కథ చెప్పించిన యాంగ్లనవల యొకటి 2003లో వెలువడి మిక్కిలి ప్రచారము నొందినది. ఆ బాలునియందు గనబడు స్వభావమును వైద్యులు ఆటిజము అను పేర వ్యవహరింతురు. ఆ నవలను శబ్దవృత్తుల దృష్టితో బరిశీలించి, యా పరిశీలనమువలన సాహిత్యమునకును బడికిని గలుగు ప్రయోజనమును నిర్ణయించుట యీ వ్యాసమున కుద్దేశము.

నవల పేరు 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్‌టైమ్'. 'రాత్రివేళ కుక్కకు సంబంధించిన విచిత్రఘటన' యని తెనుగున జెప్పవచ్చును. గ్రంథకర్త మార్క్ హాడన్. ఈ పేరు ఆర్థర్ కానన్ డాయిల్ 1892లో బ్రకటించిన 'సిల్వర్ బ్లేజ్' అను షెర్లాక్ హోమ్స్ కథనుండి గ్రహింపబడినది. ఆ కథలో రాత్రి కుక్క మొఱగకపోవుటయే యపరాధిని బట్టియిచ్చిన హేతువు. అనుపలబ్ధియు నొక ప్రమాణమని భాట్టమీమాంసకులు చెప్పుదురు గదా. పలుకని కుక్క సాక్ష్య మిచ్చుట యట్టిదే. హాడన్ నవలయందును వక్త పలుకనిదానికే విలువ హెచ్చు. ఈ సంగతి ముందు స్పష్టపడగలదు.

ఇంగ్లండులోని స్విండన్ పట్టణము కథాస్థలము. పదునైదేండ్ల క్రిస్టఫర్ బూన్ వక్త. ఒక యర్ధరాత్రమున పొరుగింటివారి కుక్క, తోటలో మట్టిని ద్రవ్వు ఇనుపముండ్ల పనిముట్టు గ్రుచ్చుకొని చచ్చియుండుట వాడు చూచును. దానిని జంపిన వారెవరో కనుగొని యా వృత్తాంతమును గ్రంథముగా వ్రాయ బూనును. షివాన్ అను నుపాధ్యాయిని వానికి సాయపడును. శోధనము సాగినకొలది వాని యింటిలోని రహస్యములే బయలుపడును. గుండెజబ్బుతో మరణించెనని తండ్రి చెప్పిన తల్లి లండనులో బ్రతికియున్నది. కుక్కను జంపినవాడు తండ్రియే. అట్టి తండ్రికడ నుండుటకు వెఱచి క్రిస్టఫర్ ఒంటరిగా రైలెక్కి లండను జేరును. తుదకు స్విండనుకు మరలివచ్చి గణితమున నున్నతపరీక్ష వ్రాసి యుత్తమశ్రేణిని బొందును. ప్రకరణములకు ఒకటి, రెండు, మూడు అను వరుస లేదు. 2 మొదలుకొని 233 వఱకు గల ప్రధానసంఖ్యలే వాని యంకెలు. ఆ లెక్కను ప్రకరణములు 51. ఈ గ్రంథమునకు 2003వ సంవత్సరపు విట్‌బ్రెడ్ పురస్కారము లభించినది. సైమన్ స్టీఫెన్స్ దీనిని నాటకముగా వ్రాయగా 2012లో లండనులోని నేషనల్ థియేటరువారు ప్రదర్శించిరి.

ఆటిజమను పదమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. 'తాను' అను నర్థముగల గ్రీకుశబ్దమునుండి యిది పుట్టినది. స్విట్జర్లండు మనోవైద్యుడు బ్లాయిలర్ 1911లో వేఱొక వ్యాధియందలి లక్షణమును దెలుపుటకు దీనిని వాడెను. 1943లో అమెరికాయందు లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు బాలబాలికల వృత్తాంతములను బ్రకటించి, నేటి యర్థమునకు బునాది వేసెను. మఱుసటి సంవత్సరము వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ తాను చూచిన బాలురను గూర్చి వ్రాసెను. 1981లో లోర్నా వింగ్ వ్రాసిన వ్యాసమువలన ఆస్పెర్గర్ పేరు ప్రచారమునకు వచ్చినది. 2013లో అమెరికా మనోవైద్యసంఘమువారు తమ నిర్ణయగ్రంథపు అయిదవకూర్పున నీ భేదములను విడిచి, యన్నిటిని ఒకే విస్తృతశ్రేణిగా బరిగణించిరి. హిందీలో దీనికి 'స్వలీనత' యను సంస్కృతపదము వాడుకలో నున్నది. తెనుగున వైద్యులును తల్లిదండ్రులును ఆటిజమనియే యందురు. యోగముకంటె రూఢి బలీయము గాన నిచ్చటను నా మాటయే గ్రహింపబడినది. ఇది బుద్ధిమాంద్యమునకు బర్యాయపదము కాదు. రెండును ఒకరియందే యుండవచ్చును. ఒకటి యుండి రెండవది లేకపోవచ్చును. ఈ శ్రేణిలో మాట రానివారును గలరు, వాగ్ధాటి గలవారును గలరు. నవలలో మాత్రము ఆటిజమను మాటగాని ఆస్పెర్గర్ పేరుగాని యెచ్చటను రాదు. వక్త తన్ను గూర్చి తాను ఎఱిగినంత చెప్పును. తనకు వైద్యుల పేరు పెట్టుకొనడు.

ఇక ప్రకృతము. క్రిస్టఫర్ మతమున రూపకము అబద్ధము. ఉపమ అబద్ధము కాదు. ఈ మాట నవ్వి త్రోసివేయదగినది కాదు. ఉపమయందు భేదము అభేదము రెండును దోచును. 'వలె' యను వాచకము భేదమును గాపాడును. రూపకమున భేదము మఱుగుపడి యభేద మారోపింపబడును. ముఖము చంద్రుడు కాదని యెఱిగియు చంద్రుడే యనుట యారోపము. దీనిని శాస్త్రకారులు ఆహార్యజ్ఞాన మనిరి. అనగా అబద్ధమని వక్తకును శ్రోతకును దెలిసియుండగా బుద్ధిపూర్వకముగా దెచ్చుకొన్న జ్ఞానము. కవికిని అబద్ధికునికిని నడుమ గల గోడ యీ యొక్క యాహార్యత్వమే. క్రిస్టఫర్ ఆ గోడ నంగీకరింపడు. వాని ధర్మశాస్త్రమున నున్నది యున్నట్లు చెప్పుట యొక్కటే విధి.

ఇట్టి యభిధానిష్ఠ వ్యాకరణము చదివినవారికి గొత్తది కాదు. ముఖ్యార్థము గౌణార్థము రెండును దోచినచోట శాస్త్రకార్యము ముఖ్యమునకే కలుగునని పరిభాష గలదు. వ్యాకరణమున శబ్దము తన రూపమునే బోధించునని పాణిని సూత్రించెను. అగ్నిశబ్దమునకు బ్రత్యయము విధింపబడినప్పుడు, ఆ ప్రత్యయము అగ్ని యను మాటకు జేరునుగాని పొయ్యిలోని నిప్పునకు జేరదు. లోకమున హాస్యాస్పదమగు పట్టుదల శాస్త్రమున గుణమైనది. క్రిస్టఫర్ లోకమును శాస్త్రమువలె నడువ గోరును. లోకము కావ్యమువలె నడుచును. నవలలోని కష్టమంతయు నీ రెంటి నడుమ బుట్టినది.

అభిధ యొక్కటే వానికి సాధన మన్నచో పరుల యభిప్రాయములను వాడెట్లు తెలిసికొనును? అనుమానముచేత. షివాన్ కాగితముమీద గీసియిచ్చిన ముఖముల బొమ్మలతో ఎదుటివారి ముఖమును బోల్చి చూచి, యిది సంతోషము, ఇది దుఃఖము అని వాడు నిర్ణయింప యత్నించును. షెర్లాక్ హోమ్స్ వానికి బ్రియమైన పాత్ర. హేతువునుండి సాధ్యమునకు బోవుట వాని మార్గము. పదునొకండవ శతాబ్దమున మహిమభట్టు వ్యక్తివివేకమున వ్యంజన యను వృత్తి వేఱుగా లేదనియు, ధ్వని యనబడునదంతయు ననుమానముననే చేరుననియు వాదించెను. ధ్వనివాదులు దీనిని ఖండించిరి. సహృదయునకు వ్యాప్తిస్మరణాదుల శ్రమ లేకయే వ్యంగ్యము స్ఫురించునని వారి సమాధానము. క్రిస్టఫర్ మహిమభట్టు పక్షమువాడు. ఎదుటివారు మెఱపువలె గ్రహించుదానిని వాడు హేతువు, వ్యాప్తి, నిగమనము అను మెట్లమీద నడచి చేరును. ఆలస్యముగా జేరును, అలసి చేరును. అయినను చేరును. మెట్లెక్కి వచ్చినవానిని రాలేని వాడనుట న్యాయము కాదు.

వ్యంజన వక్తయందు లేకున్నను గ్రంథమున నెట్లు నిలిచిన దనునది తరువాతి విచారము. ఒక చోట క్రిస్టఫరునకు తల్లి దస్తూరితో నున్న యుత్తరము దొరకును. తపాలాముద్రలోని తేది, తల్లి మరణించెనని వానికి దెలిపిన దినమునకు దరువాతిది. ఆ ప్రకరణము చదువువారికి తల్లి బ్రతికియున్నదనియు, తండ్రి బొంకెననియు దక్షణమే తెలియును. క్రిస్టఫర్ మాత్రము వేఱొక క్రిస్టఫరునకు వాని తల్లి వ్రాసిన యుత్తర మేమో యని కూడ ఆలోచించును. వక్తకు దెలియనిది చదువరికి దెలిసినది. వాచ్యమున లేని యా యర్థము ఎచ్చటనుండి వచ్చినది? అర్థశక్తిమూలధ్వనియందు స్వతస్సంభవి, కవిప్రౌఢోక్తిసిద్ధము, కవినిబద్ధవక్తృప్రౌఢోక్తిసిద్ధము అని మూడు భేదములు గలవు. కవియే యొక వక్తను గల్పించి, వాని నోట బలికించి, వాని పలుకులగుండ వ్యంగ్యమును దోపించుట మూడవది. అట్లే వాచ్యము వ్యంజకమగుటకు మమ్మటుడు వక్తృవైశిష్ట్యము, శ్రోతృవైశిష్ట్యము, కాకువు, ప్రకరణము, దేశము, కాలము మొదలగువానిని హేతువులుగా బేర్కొనెను. ఈ నవలలో వక్తృవైశిష్ట్య మొక్కటియే మూడువంతుల పని చేయుచున్నది. చెప్పువాడు క్రిస్టఫర్ గనుకనే ఆ సాదావాక్యము చదువరి గుండెను బట్టును. అదే విషయమును వేఱొకడు చెప్పియున్నచో వార్త మాత్రమే యగును.

రసవిచారము చేసినచో నింకను విశేషము గలదు. రసమును, స్థాయిని, వ్యభిచారిభావములను వాని పేళ్లతోనే చెప్పుట దోషమని యాలంకారికులు నిర్ణయించిరి. 'అతడు శోకించెను, కరుణ పొంగినది' యన్నంతనే చదువరికి గరుణ పుట్టదు. విభావానుభావములను జూపవలెను, భావము తనంత దోపవలెను. తక్కిన యుత్తరములను జదివి నిజము దెలిసినప్పుడు క్రిస్టఫర్ దుఃఖితుడనైతినని వ్రాయడు. కదలక పడియుండుట, కొంతకాలము జ్ఞాపకమునుండి జాఱిపోవుట, దేహమంతయు వాంతిచే దడిసియుండుట – ఇవియే చెప్పును. స్తంభమును ప్రలయమును సాత్త్వికభావములలో జెప్పబడినవే గదా. పేరు పెట్టనేరని బాలుడు పేరు పెట్టరాదను శాస్త్రమును దెలియకయే పాటించెను. వాని యశక్తిని కవి తన శక్తిగా మార్చుకొనెను.

మెదకుసీమలోని కొలచారము మల్లినాథసూరి నివాసమని పండితులు నిర్ణయించిరి. ఆ మహావ్యాఖ్యాత మూలము లేనిదానిని వ్రాయననియు, నపేక్ష లేనిదానిని జెప్పననియు బ్రతిన పూనెను. క్రిస్టఫర్ మొదటి నియమమును దప్పడు, చూడనిదానిని వ్రాయడు. రెండవదానిని బాటించినట్లు తోచదు. బడికి బోవు దారిలో వరుసగా నాలుగు ఎఱ్ఱకారులు కనబడినచో మంచిదినమనియు, నాలుగు పసుపుకారులు కనబడినచో జెడ్డదినమనియు లెక్క వేయును. పటములు, గణితసమస్యలు, గదిలోని వస్తువుల పట్టికలు కథ నడుమ జొప్పించును. అయినను చదివినకొలది యివన్నియు నపేక్షితములే యని తేలును. కలవరపడిన మనస్సు స్థిరమైనదాని నొకదానిని బట్టుకొని నిలుచుచున్నదని యవి తెలుపును. ఎఱ్ఱకారుల లెక్కకు నవ్వువారు, పిల్లి యెదురైనదని వెనుకకు మరలుటయు, వర్జ్యము చూచి గడప దాటుటయు దలచుకొన్నచో నవ్వు తగ్గును.

వాచ్యార్థమును బట్టుకొని వ్రేలాడువారి కథలు తెనుగువారికి గలవు. పరమానందయ్య శిష్యులు గురువు చెప్పిన మాట నక్షరాల బాటించి చిక్కులు తెచ్చుకొందురు. వినువారు కడుపుబ్బ నవ్వుదురు. ఆ కథలు బయటినుండి చెప్పబడినవి. శిష్యు డొకడును తన కథను దాను చెప్పుకొనడు. మొక్కపాటి నరసింహశాస్త్రి రచించిన 'బారిష్టరు పార్వతీశము' (ప్రథమభాగము 1924) ఉత్తమపురుషమున నడచిన కథ. మొగలితుఱ్ఱునుండి బయలుదేఱిన పార్వతీశము తన వెఱ్ఱిబాగులతనమును దానే చెప్పుకొనును. ఇచ్చటను వక్త గ్రహింపనిది చదువరి గ్రహించును. కాని పార్వతీశమునకు గొఱవడినది లోకానుభవము. అది దేశాటనమున దీఱును, ఆతడు పెద్దవాడై వెనుకకు జూచి తానును నవ్వగలడు. క్రిస్టఫర్ స్వభావము ప్రయాణముచే మాఱునది కాదు. లండను చేరినను వాడు క్రిస్టఫరే.

మూడవది భాగవతపంచమస్కంధములోని జడభరతోపాఖ్యానము. తెనుగున దీనిని గంగనార్యుడు రచించెను. పల్లకి కుదుపులకు గోపించిన రహూగణుడు, దృఢకాయుడైన భరతుని జూచి కృశించినవాడు, ముసలివాడు, అలసినవాడు అని యెత్తిపొడిచెను. విపరీతలక్షణతో బలికిన యా మాటలలోని యెత్తిపొడుపును విడిచి, భరతుడు వాచ్యమునే గైకొని, కృశత్వమును వార్ధక్యమును శ్రమయు దేహమునకేగాని యాత్మకు లేవని బదులు పలికెను. రాజు పల్లకి దిగి మ్రొక్కెను. భరతుడు జ్ఞాని, జడత్వము ఆతడు పూనిన వేషము. ఆతనికి వైద్యుల పేళ్లు తగిలించుట యవివేకము. ఈ కథ తెలుపున దొక్కటే: వ్యంగ్యమునకు వాచ్యముతో బదులు చెప్పినవానిని జడుడనుటకు ముందు, వాని బదులు సత్యమా కాదా యని విచారింపవలెను. పరమానందయ్య శిష్యులను జూచి నవ్విన తెనుగువారే జడభరతునికి మ్రొక్కిరి. రెంటికిని నడుమ నొక త్రోవ గలదని యీ నవల చూపినది. నవ్వక, మ్రొక్కక, వాని ప్రక్కన నడచుట యా త్రోవ.

గుణములు చెప్పిన పిమ్మట గ్రంథమునకు మితి యెచ్చటనో చెప్పక విడువరాదు. ఈ నవల చదివిన పలువురు ఆటిజము గలవారందఱును క్రిస్టఫరువంటివారే యని తలంచిరి. గణితమున దిట్టలు, రూపకము నెఱుగనివారు, పరుల మనస్సు తెలియనివారు అను మూస యేర్పడినది. ఆటిజము గల చదువరులే కొందఱు దీని నాక్షేపించిరి. తాను ఈ విషయమున నిపుణుడను కానని హాడన్ స్వయముగా జెప్పెను. కవినిబద్ధవక్త మాట కావ్యమున వ్యంజకము. లోకమున బ్రమాణము కాదు. న్యాయశాస్త్రమున ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణము. వస్తువును సాక్షాత్తుగా నెఱిగి యున్నదున్నట్లు తెలుప గోరువాడు ఆప్తుడని వాత్స్యాయనుని వివరణము. ఆటిజమును గూర్చి యట్టి యాప్తవాక్యములు గలవు. అమెరికాలో పశుశాస్త్రజ్ఞురాలైన టెంపుల్ గ్రాండిన్ 1986లో 'ఎమర్జెన్స్' అను నాత్మకథను, ఆస్ట్రేలియాకు జెందిన డానా విలియమ్స్ 1992లో 'నోబడీ నోవేర్' అను నాత్మకథను బ్రకటించిరి. ఇరువురును ఆటిజము గలవారే. కల్పితకథలలోను క్రిస్టఫర్ ఒక్కడే కాడు. ఆటిజము గల కుమారునికి దల్లియైన ఎలిజబెత్ మూన్ రచించిన 'ది స్పీడ్ ఆఫ్ డార్క్' నవలలో ప్రధానవక్త వయసు వచ్చి యుద్యోగము చేయువాడు. వెలుగునకు వేగమున్నచో చీకటికి వేగమెంత యని వాడు చింతించుచుండును. చీకటి యా గ్రంథమున నజ్ఞానమునకు బ్రతీకము. ఆటిజమునకు రూపకముతో వైరము నియతము కాదని యిందువలన దేలుచున్నది.

ఈ యంశమును వైద్యగ్రంథములును బలపఱచుచున్నవి. కానర్ 1946లో బ్రకటించిన వ్యాసము ఆటిజము గల పిల్లల యసంగతభాషణములను గూర్చినది. అందొక బాలుడు, ఏ వస్తువునైనను విసరివేయ దలచినప్పుడెల్ల, మేడవసారానుండి కుక్కను బాఱవేయరాదని తనకు దానే చెప్పుకొనెడివాడు. ఎదుట కుక్కయు లేదు, మేడయు లేదు. వినువారు ఉన్మత్తప్రలాప మనుకొనిరి. విచారింపగా, కొన్నియేండ్ల క్రిందట వాడు బొమ్మకుక్కను మేడమీదినుండి విసరుచుండగా దల్లి యా మాటతో వారించెనని తెలిసినది. లక్షణకు ముఖ్యార్థబాధ, ముఖ్యార్థయోగము, రూఢి ప్రయోజనములలో నొకటి యను మూడు హేతువులు గావలెను. కుక్క లేకపోవుట బాధ. విసరుటయందలి సామ్యము యోగము. తన్ను దాను వారించుకొనుట ప్రయోజనము. మూడును సంపూర్ణముగా నున్నవి. యోగము వానికిని వాని తల్లికిని మాత్రమే తెలియును, అదియొకటియే భేదము. కావున వానికి లేనిది లక్షణాశక్తి కాదు, లోకముతో నుమ్మడి సంకేతము.

నవలలోనే యిట్టి సంకేత మొకటి గలదు. క్రిస్టఫర్ కౌగిలింతను సహింపడు. తండ్రి అరచేయి చాచి వ్రేళ్లు విప్పి పట్టగా, క్రిస్టఫర్ తన చేతి వ్రేళ్లను వానికి దాకించును. ప్రేమ యని దాని యర్థము. చేష్టయు వ్యంజకమే యని శాస్త్రము. ఇరువురు నంగీకరించిన సంకేతము దొరకినచోట క్రిస్టఫరునకు వ్యంగ్యము చక్కగా దెలిసినది. గ్రంథకర్త యీ యొక్క చేష్టను బెట్టి, తన వక్తను గూర్చి తాను చెప్పిన సిద్ధాంతమును మించినాడు.

1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ అను మువ్వురు లండనులో నొక పరీక్ష చేసిరి. ఒక బొమ్మ లేని సమయమున దాని గోలీని వేఱొకచోటికి మార్చి, ఆ బొమ్మ తిరిగి వచ్చి యెచ్చట వెదకునని యడిగిరి. ఆటిజము గల 20 మందిలో 16 మంది తప్పు చెప్పిరి. పరుల మనస్సు తెలియదను మాట దీనినుండి వ్యాపించినది. సరిగా జెప్పిన నలుగురిని లోకము మఱచినది. 2012లో ఇంగ్లండునందు డామియన్ మిల్టన్, తానును ఆటిజము గలవాడు, ఈ లోపము ఇరువైపులదని వాదించెను. వీరి మనస్సు వారికి దెలియనట్లే వారి మనస్సు వీరికిని దెలియదు. మమ్మటుని మాటలలో జెప్పినచో వక్తృవైశిష్ట్యముతోపాటు శ్రోతృవైశిష్ట్యమును లెక్కింపవలెను.

బడిపంతులకు దీనివలన నేమి ప్రయోజనము? నారాయణఖేడు సీమ నుదాహరణముగా గొనవచ్చును. 1956 వఱకు నిది హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలోని తాలూకా. పిమ్మట మెదకు జిల్లాలో జేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెనుగు, కన్నడము, మరాఠి, ఉర్దూ నాలుగును సమీపమున వినబడు సరిహద్దుసీమ. విసిగించుటను తెనుగున 'తల తినుట' యందురు. కన్నడమున 'తలె తిన్ను', మరాఠిలో 'డోకె ఖాణే', ఉర్దూలో 'సర్ ఖానా'. నాలుగు భాషలలోను తలయే తినబడుచున్నది! రూఢిలక్షణ యింత గాఢముగా నాటుకొనుటచే అది లక్షణ యను సంగతియే యెవరికిని దోపదు. ఈ నాలుగు భాషల నడుమ బెరుగు ఆటిజము గల బాలునకు 'నా తల తినకుము' అను వాక్యము నిజముగా వెఱపు గొల్పవచ్చును.

అంతకంటె గష్టమైనది కాకువు. ఆలస్యముగా వచ్చి అటునిటు తిరుగు బాలునితో పంతులు 'ఇది బడి యనుకొన్నావురా, ఇల్లనుకొన్నావురా?' యని యడుగును. 'బడి యనుకొన్నానండి' యని బాలుడు వినయముగా బదులు చెప్పును. తరగతి నవ్వును, పంతులు దానిని పొగరుగా దలచి బెత్తము దీయును. బాలుడు అడిగిన ప్రశ్నకు సత్యమైన సమాధానము చెప్పినాడు. ప్రశ్నయే ప్రశ్న కాదని వానికి దెలుపు స్వరభేదము వాని చెవికి జేరలేదు. దెబ్బ తిన్నవానికి దన తప్పేమో తెలియదు. తెలియని తప్పునకు బడిన దండన చదువునెడల ద్వేషము నాటును. 'కూర్చుండి పలక తీయుము' అని యభిధతో జెప్పియున్నచో వాడు కూర్చుండియుండును.

రాజశాసనము లీ విషయమున మెల్లగా ముందునకు వచ్చినవి. 1995 నాటి వికలాంగుల చట్టమున ఏడు వైకల్యములే పేర్కొనబడినవి. అందు ఆటిజము లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టమున దాని పేరు చేరినది. 2016 నాటి చట్టము 21 వైకల్యములలో దానిని బేర్కొని, యట్టి పిల్లలను దక్కినవారితోపాటు చదివించు బాధ్యతను బడులమీద బెట్టినది. కావున నట్టి బాలు డేదో యొకనాడు ప్రతిపంతులు తరగతిలోను గూర్చుండవచ్చును. చట్టము వానికి జోటు నిచ్చినది. మాట యిచ్చుట పంతులు పని.

ఇంతవఱకు జేసిన విచారమువలన దేలినది యిది. ఈ నవలయందు వక్త యభిధానుమానములను విడువడు. వ్యంగ్యము చదువరియందు బుట్టును. ఆ రెంటి నడుమ గల దూరమే రసమునకు స్థానము. కావ్యముగా నిది యుత్తమము. వైద్యగ్రంథముగా దీనిని జదువుట దోషము. క్రిస్టఫరును జూచి వేఱొక బాలుని గొలుచుట యంతకంటె దోషము. గొల్లపల్లె గంగలో లేదన్న శిష్యుడు తప్పు చెప్పలేదు. ముఖ్యార్థబాధను వాడు సరిగా గనిపెట్టినాడు. లక్షణకు మొదటిమెట్టు అదియే. అచ్చటనుండి తీరమునకు వానిని జేయిపట్టి నడపుట గురువు విధి. నడపుటకు ముందు వాని తీర మెచ్చట నున్నదో గురువును దెలిసికొనవలెను.